గోడకేసి తిరిగిన పీటలు

"ఆ ఊదా గుడ్డ పీకేసి, చేతులు వెనక్కి విరిచి కట్టండి," అన్నాడు ఒగురి షింపచి.

తాడు పట్టుకున్న బంట్రోతులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు గానీ కదల్లేదు. ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్న మనిషి అలాంటివాడు మరి. తెల్లటి రంగు పూసిన ముఖం, నేలమీద జీరాడే పట్టు అంగీ, నుదుటి మీద ఊదారంగు పట్టుగుడ్డ. షిజో ఏటి ఒడ్డున ఆడవేషాలకి పెట్టింది పేరైన ఉకిహాషి కొమనోజో. ఆ గుడ్డ కింద ఉన్నది గొరిగిన నెత్తి అని క్యోటోలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. అయినా దాని మీద చెయ్యి వెయ్యడమంటే పరాయి ఆడదాని కొంగు మీద చెయ్యి వేసినట్టే.

తలుపు పక్కకి జరిగింది. "తాడు కింద పెట్టండర్రా. ఆ బట్టలతో పారిపోవాలన్నా నాలుగడుగులకే కాళ్ళు చిక్కుకుని పడతాడు," అంటూ నిషినా ఇహెయి లోపలికొచ్చాడు.

నగరాధికారి కచేరీలో ఇరవై ఏళ్ళుగా నేరాలు తవ్వి తీస్తున్న మనిషి నిషినా. చలికాలం వస్తే ఎడమ మోకాలు పట్టేస్తుంది. మోకాలు పట్టేస్తే నోటికి పట్టపగ్గాలుండవు. పదకొండో నెల మొదటి రోజు గనక, చలి బాగానే ఉంది.

"ఆలస్యమైంది నిషినా గారూ," అన్నాడు ఒగురి. అదే కచేరీ, అదే హోదా, వయసులో సగం. ఎడమచేత్తో ఇనుప దండం ఊపుతూ, కుడిచెయ్యి చలికి అంగీ లోపల రొమ్ముకి దాచుకుని నిలబడ్డాడు. "నేరం జరిగింది, నేరస్థుడు దొరికాడు. ఇక మీకు మిగిలింది టీ తాగడమే."

"పోస్తే తాగుతాను నాయనా. ఈలోగా ఏం జరిగిందో చెప్పు."

ఒగురి పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. రెండో ఆట అయ్యాక విరామం. కథానాయకుడి వేషాలు కట్టే తొబియామా రోకుజో తన గదిలో భోజనానికి కూర్చున్నాడు. మధ్యాహ్నపు గంట మోగేసరికి నురగలు కక్కుతూ పడి ఉన్నాడు. తాగిన సారాలో వత్సనాభి విషం. ప్రాణం ఇంకా ఉంది, మాట లేదు. అతని పక్కన రెండో భోజనపు పీట, రెండో గిన్నె, గిన్నె అంచున ఎర్రటి పెదవి రంగు.

"ఈ నాటకశాలలో ఇవాళ పెదవికి రంగు పూసుకున్నది వీడొక్కడే. బయట పలక మీద పై పేరు ఎవరిది ఉండాలని నిన్న వీళ్ళిద్దరూ అరుచుకున్నారు. ఇంకేం కావాలి?"

"నువ్వెక్కడున్నావు అప్పుడు?"

"నేలలో, జనంలో. కావలి పని మీద. కేకలు విని పరిగెత్తుకొచ్చాను."

మూలన చేతులు నలుపుకుంటూ నిలబడ్డ నాటకశాల యజమాని మతాయెమొన్ ఇక ఉండబట్టలేకపోయాడు. "బాబుగారూ, ఇవాళ కొత్త బృందం ఊరికి ముఖం చూపించే రోజు. ఇవాళ మూడో ఆటకి తెర లేవలేదంటే ఏడాదంతా లేవదు. ఇంకొక్క రభస జరిగినా ఒడ్డున ఉన్న నాటకశాలలన్నీ మూసేస్తామని పైనుంచి హుకుం కూడా ఉంది. మా కొమనోజో పేరు మొదటిసారి పలక మీద అందరికన్నా పైన రాయించాను. పన్నెండేళ్ళ కష్టం బాబూ ఆవిడది."

"ఆవిడ," అని ఒగురి పెదవి విరిచాడు.

బయట జనం అప్పుడే నేలని కాళ్ళతో బాదుతున్నారు. నిషినా పెట్టెలోంచి ఒక అగరువత్తి తీసి, నిప్పుగిన్నెలో అంటించి బూడిదలో గుచ్చాడు. "ఇది కాలేదాకా నాకివ్వు ఒగురీ. అప్పటికీ నా దగ్గర ఏమీ లేకపోతే నువ్వు తీసుకెళ్ళు."

"ఆ వత్తి ఆరిందంటే ఇతను నా మనిషి," అన్నాడు ఒగురి.

నిషినా ఎలాగో మోకాలు వంచి కొమనోజో ఎదుట చతికిలబడ్డాడు. ఈ ముఖాన్ని అతను ఇలా దగ్గరగా చూడడం ఇది రెండోసారి. కుర్రవాళ్ళు ముంగురులతో వేషాలు కట్టకూడదని ప్రభుత్వం నిషేధించిన ఏడు, ఇదే ఒడ్డున మంగళ్ళని వరసగా కూర్చోబెట్టి వాళ్ళ ముంగురులు గొరిగించిన బంటుల్లో నిషినా ఒకడు. మిగతా కుర్రాళ్ళు గుండెలు బాదుకుని ఏడ్చారు. అందం పోయింది, అన్నం పోయిందని. పదిహేనేళ్ళ కొమనోజో ఒక్కడే నున్నటి నెత్తి తడుముకుని, "పోనివ్వండి, ఇక ఎలా ఆడతానో చూడ్డానికే వస్తారు," అన్నాడు. ఏడాదిపాటు జనం బోడిగుండు పెళ్ళికూతురని రాళ్ళేశారు. తర్వాత ఆ గుండు మీద ఊదా గుడ్డ వచ్చింది. ఆ గుడ్డ కింద ఒక నడక, ఒక చూపు, ఒక గొంతు వచ్చాయి. రాళ్ళేసిన చేతులే ఇవాళ తెల్లవారకముందే గుమ్మం ముందు చోటు కోసం తోసుకున్నాయి.

"విరామంలో ఎక్కడున్నావు?"

"ఇక్కడే, నా గదిలో. అన్నం తింటున్నాను."

"ఎవరితో?"

"ఒక్కదాన్నే."

"ఎవరైనా చూశారా?"

"చూడనిస్తానా, పెద్దవారు మీరు కూడా అలా అడుగుతారేం?" అన్నాడు కొమనోజో తల వంచుకుని.

మతాయెమొన్ అందుకున్నాడు. "మగవేషాల వాళ్ళ ముందు ఆవిడ మెతుకు ముట్టదు బాబుగారూ. ప్రయాణాల్లో పడవలో కూడా అంతే, తెర కట్టుకుని అవతలికి తిరిగి తింటుంది. అందరం ఆట పట్టిస్తాం. వినదు."

"రోకుజో గారు మూడో ఆటలో నా కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవాలి," అన్నాడు కొమనోజో. "ఆయన ఎదురుగా కూర్చుని నేను ముల్లంగి ఊరగాయ కరకరా నమిలానే అనుకోండి, ఆయనకి నామీద మనసెక్కణ్ణుంచి వస్తుంది? తింటున్న నన్ను చూస్తే ఆడది కనబడదు, ఆకలేసిన మగాడు కనబడతాడు."

"భలే కుదిరింది," అని నవ్వాడు ఒగురి. "సాక్షి ఎందుకు లేడురా అంటే, సిగ్గు."

"ఆ పై పేరు పోట్లాట సంగతేమిటి?"

"పోట్లాడిన మాట నిజమే," అన్నాడు కొమనోజో. "పెద్దవారు, మీ పేరే పైన ఉండాలని నేను. నోరు ముయ్యి, నీదే ఉండాలని ఆయన. చివరికి ఆయనదే గొంతు పెద్దది."

మతాయెమొన్ తల ఊపి కళ్ళు తుడుచుకున్నాడు. నిషినాకి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. అగరువత్తి మూడోవంతు కాలింది.

రోకుజో గది మెట్ల అవతల. అతన్ని పక్కగదిలోకి మార్చి వైద్యుడు కషాయం పోస్తున్నాడు. "గండం గడిచింది," అని గుమ్మంలోంచే చెప్పాడు. "తాగింది ఒక్క గుక్క. నాలుక మొద్దుబారింది, సాయంత్రానికి గానీ మాట రాదు."

గదిలో వస్తువులు కదపలేదు. రెండు పీటల మీదా సగం తిన్న భోజనం. మధ్యలో తెల్లటి సారా సీసా, దాని మెడకి ఎరుపూ బంగారమూ కలిపి పేనిన తాడుతో పువ్వులాంటి ముడి. నిషినా రోకుజో పీట ముందు కూర్చున్నాడు. తలెత్తి చూస్తే ఎదురుగా గోడ. లేచి రెండో పీట ముందు కూర్చున్నాడు. దానికీ ఎదురు గోడే.

"ఏమిటా కుప్పిగంతులు?" అన్నాడు ఒగురి గుమ్మం దగ్గర్నుంచి.

"మోకాలికి వ్యాయామం," అన్నాడు నిషినా. ఆ గోడ సంగతి మాత్రం అతన్ని వదల్లేదు. ఇద్దరు కలిసి తింటే ఎదురెదురుగా కూర్చుంటారు. పక్కపక్కన కూర్చున్నా ఒకరికేసి ఒకరు తిరుగుతారు. ఈ పీటలు రెండూ ఏటవాలుగా, ఒకదానికొకటి ఎడంగా, గోడకి ముఖం చూపిస్తున్నాయి. గోడతో కబుర్లు చెబుతూ తిన్నారా ఏమిటి?

"కొమనోజోని పిలవండి."

కొమనోజో గుమ్మంలోనే ఆగిపోయాడు. చాలాసేపు పీటలనే చూశాడు. ఆ తర్వాత నిషినా చెవి దగ్గరకి వంగి, ఒగురికి వినబడకుండా మెల్లిగా అన్నాడు. "ఇది మా విందు రంగం. పోయిన ఎండాకాలం ఆడిన వేశ్య కథలోది. సరిగ్గా ఇలాగే పెడతాం. మా ఇద్దరి ముఖాలూ జనానికి కనబడాలి కదా. ఆ గోడ ఉన్నచోట జనం ఉంటారు."

"నిజం తిండి కాదు గదా అది?"

"ఖాళీ గిన్నెలు. తిన్నట్టు నటిస్తాం."

ఆ మాటతో నిషినాకి దారి దొరికింది. నాటకశాలలో పనిచేసే ఏ మనిషీ కొమనోజోని మగాడి పక్కన భోజనానికి కూర్చోబెట్టడు. కలలో కూడా ఆ ఊహ రాదు. ఈ పీటలు వేసినవాడు బయటివాడు. అతనికి కొమనోజో తెలిసింది నేలలో కూర్చుని చూసిన చూపుతోనే. ఎన్నిసార్లు చూశాడో, ఇద్దరు కలిసి తినడమంటే ఇదే అని అతని బుర్రలో గట్టిగా నాటుకుపోయింది.

"ఆ గిన్నె ఒకసారి చూడనిస్తారా?" అన్నాడు కొమనోజో అదే మెల్లని గొంతుతో. వెలుగుకి పట్టి చూసి ముఖం చిట్లించాడు. "ఇది పెదవి కాదు. నేను కింది పెదవి నడుమ గింజంత అద్దుకుంటాను, ఉంగరపువేలితో. ఇది ఎవరిదో బొటనవేలు. ఇందాక నా రంగు గిన్నెలో ఎవరో కోడి కెలికినట్టు కెలికారు. హడావుడిలో పట్టించుకోలేదు."

"అంత రంగు వేలికి అంటితే కడిగేసుకోడా?"

"కుసుంభ పూల రంగు అంత తేలిగ్గా వదిలితే మా బతుకులు హాయిగా ఉండును. మందంగా అంటి ఎండిందంటే పైన జీరంగి రెక్కలా పచ్చటి మెరుపు తేలుతుంది. ఇదిగో, అంచు చూడండి."

గిన్నె అంచు నిజంగానే పచ్చగా మెరిసింది. నిషినా ఆ గిన్నె పట్టుకునే అందరి చేతులూ చూశాడు. మతాయెమొన్ చేతులు ఇంకా నలుగుతున్నాయి. బంట్రోతుల చేతులు తాడు మీద. వైద్యుడి చేతులు కషాయంలో. వచ్చినప్పటి నుంచీ అతను చూడని చెయ్యి ఒకే ఒక్కటి ఉంది, అది అంగీ లోపల వెచ్చగా దాగి ఉంది.

సాటి అధికారిని చెయ్యి చూపించమంటే కత్తి మీదికి పోతుంది. ఈలోగా అంగీ లోపలే వేలి మీది పచ్చటి పొర గీకేసుకున్నా చాలు, సాక్ష్యం గంగలో కలిసినట్టే. ఆ చెయ్యి దానంతట అదే బయటికి రావాలి. దాన్ని రప్పించగల మనిషి ఈ గదిలో ఒక్కరే ఉన్నారు.

అతను కొమనోజో చెవిలో రెండు ముక్కలు చెప్పాడు. ఊదా గుడ్డ కింద కళ్ళు ఒక్కసారి పెద్దవై, మళ్ళీ కిందికి వాలాయి.

"ఒగురీ, వత్తి అయిపోవస్తోంది," అన్నాడు నిషినా గట్టిగా. "నువ్వు చెప్పినట్టే ఉందనుకో. నేరం ఎలా జరిగిందో ఒక్కసారి చేసి చూసేద్దాం, కచేరీలో అడిగితే చెప్పొద్దూ? కొమనోజో తన పీట దగ్గర కూర్చుంటాడు. రోకుజో చోట నువ్వు కూర్చో."

"నేనెందుకు? మీరు కూర్చోండి."

"ఈ మోకాలితోనా?"

ఒగురి విసుక్కుంటూ వచ్చి కూర్చున్నాడు. ఇనుప దండం పక్కన పెట్టాడు. కుడిచెయ్యి మాత్రం కదల్లేదు.

కొమనోజో పక్కకి వచ్చి కూర్చున్నాడు. కూర్చోవడం అనే మాట చాలదు దానికి. నడుం నుంచి చీలమండ దాకా ఒక అలసట దిగింది, ఆ అలసట మీద ఒక ఆశ మెరిసింది. రాత్రంతా ఒకే మనిషి కోసం కనిపెట్టుకున్న వేశ్య అక్కడ కూర్చుంది. ఒగురికేసి చూడలేదు. గోడకేసి, జనానికేసి చూస్తూ, లేని సీసాని ఉన్నట్టే వంచి, ఖాళీ గిన్నెలో పోసింది.

"ఇంత మంచులో వచ్చారా," అంది మెల్లిగా. "రారనుకుని దీపం తగ్గించాను. వస్తారనుకుని ఆర్పలేదు."

తాడు పట్టుకున్న బంట్రోతు ఒకడు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. మతాయెమొన్ చేతులు నలపడం మానేశాడు. ఆమె గిన్నెని రెండు అరచేతుల్లో పెట్టి ముందుకు చాచింది. అప్పుడు తల తిప్పి ఒగురి ముఖంలోకి చూసింది.

ఆ రంగంలో రోకుజో రెండు చేతులా గిన్నె అందుకుంటాడు. ఒగురి రెండు చేతులూ చాచాడు. గిన్నె చుట్టూ అతని వేళ్ళు ముడుచుకున్నాయి. కుడి బొటనవేలి గోటి చుట్టూ పచ్చటి మెరుపు.

నిషినా ఆ మణికట్టు పట్టుకున్నాడు. "చెయ్యి వెచ్చబడ్డట్టుందే ఒగురీ."

ఒగురి ఒక్క క్షణం ఏమీ అర్థం కానట్టు చూశాడు. తర్వాత తన వేలు చూసుకున్నాడు. గింజుకోలేదు. ముఖం మాత్రం నెత్తురు చుక్క లేకుండా పాలిపోయింది.

"చంపాలని కాదు," అన్నాడు. "ఆమెను జైల్లో పెడితే ఇక నేనే దిక్కు. విడిపించేదీ నేనే. ఈ ఏటి ఒడ్డు వదిలేసి నా నీడన ఉండేది. ఆ నాటకం ఆడినన్నాళ్ళూ అదే స్తంభం పక్కన కూర్చున్నాను. ఒక్కసారైనా నావైపు చూసిందా?"

"మీరు కోరుకున్న మనిషి ఆ తెర ముందు తప్ప ఎక్కడా లేదు ఒగురి గారూ," అన్నాడు కొమనోజో. గొంతు మళ్ళీ మామూలుదైంది. "జైల్లో మీకు దొరికేది గొరిగిన నెత్తి ఒక్కటే."

వెనక గుమ్మం కాపలా జిన్‌బెయిని పిలిపించారు. రెండో ఆట పూర్తవకముందే ఒగురి సీసా పట్టుకుని లోపలికి రావడం అతను చూశాడట. "ముందే ఎందుకు చెప్పలేదురా?" అంటే, "బయటివాళ్ళెవరైనా వచ్చారా అనే కదండీ ఇందాక ఈ ఒగురి గారు అడిగారు. కచేరీ వాళ్ళు బయటివాళ్ళెలా అవుతారు?" అన్నాడు. మతాయెమొన్ నెత్తి కొట్టుకున్నాడు.

తాడు చివరికి ఒగురి చేతులకే పడింది. గుమ్మం దాటుతూ అతను వెనక్కి తిరిగాడు. "ఒక్క మాట నిషినా గారూ. ఆ సీసా నాది కాదు. అందులో కలిపిందీ నేను కాదు. నాకిచ్చినాయన ఇవాళ ఇక్కడే ఉన్నాడు." పేరు అడిగితే పెదాలు బిగించేశాడు. పేరు చెబితే కచేరీలో శిక్ష పడేదాకా కూడా బతకనన్న భయం అతని కళ్ళల్లో కనబడింది.

అగరువత్తి బూడిదై రాలింది. బయట తెర లేవబోతోందని చెప్పే కర్రచెక్కల చప్పుడు మొదలైంది.

"రోకుజో గారు లేరు. ఎలాగమ్మా?" అన్నాడు మతాయెమొన్.

"ముందు నేను ఒక్కదాన్నే వెళ్ళి ఊరికి ముఖం చూపిస్తాను," అన్నాడు కొమనోజో, నుదుటి గుడ్డ సవరించుకుంటూ. "ఆయన ప్రాణంతో ఉన్నారని చెబుతాను. ఆడవేషం కట్టేవాడికి ముందు నడిచే మగాడు లేనిదే గతి లేదంటారుగా. ఇవాళ చూద్దాం."

తెర లేచింది. నిషినా పక్కతెర చాటున నిలబడ్డాడు. హత్య జరిగిందని, ఎవరినో పట్టుకున్నారని జనంలో అప్పటికే గుసగుసలు పాకాయి. కొమనోజో ఒంటరిగా నడిచి వచ్చేసరికి అంతా గప్‌చుప్. అతను తొందరపడలేదు. వేదిక నడుమకి వచ్చి, కూర్చుని, రెండు చేతులూ నేలకి ఆన్చి నమస్కరించి తలెత్తాడు. అంతే. మొదట ఏ మూల నుంచో ఒక గొంతు "కొమనోజో" అని అరిచింది. తర్వాత ఎవరు అరిచారో ఎవరికీ తెలీదు. నేల అదిరింది. ముసలాళ్ళు పైకి లేచి తువ్వాళ్ళు ఊపారు. ముంగురులు గొరిగిననాడు రాళ్ళేసిన తరమంతా అక్కడే ఉంది, గొంతు చించుకుంటూ. మతాయెమొన్ నిషినా భుజం మీద తల పెట్టి భోరుమన్నాడు. నిషినా తోసెయ్యలేదు.

హోరు తగ్గుతుండగా ఒక సేవకుడు నేలలోంచి వేదిక మీదికి ఒక కానుక తెచ్చాడు. ఒక గిన్నె, తెల్లటి సారా సీసా. "పేరు చెప్పనన్న అభిమాని పంపారు. ఇక్కడే పుచ్చుకోవాలని కోరిక," అన్నాడు. జనం మళ్ళీ ఊగిపోయారు. తాగు తాగు అని చప్పట్లు.

సీసా మెడకి ఎరుపూ బంగారమూ కలిపిన ముడి.

నిషినా ఒక అడుగు ముందుకేశాడు. వేదిక మీదికి దూకితే గొడవ, గొడవైతే నాటకశాల మూత. దూకకపోతే ప్రాణం. కొమనోజో గిన్నె నింపుకున్నాడు. దాన్ని కళ్ళకద్దుకున్నాడు. జనానికి కనబడకుండా, తెర చాటునున్న నిషినాకేసి ఒక్క చూపు చూసి, పెదవి నడుమ గింజంత నవ్వు నవ్వాడు. ఆ ముడిని అతనూ గుర్తుపట్టాడు.

"ఇంతమంది మగవారి ఎదుట తాగమంటే ఎలాగండీ," అన్నాడు సిగ్గుపడుతూ, గిన్నెకి అంగీ చేతి అంచు అడ్డం పెట్టి. "చిన్నప్పటి నుంచీ అలవాటు లేనిదాన్ని. లోపలికి వెళ్ళి తెర చాటున పుచ్చుకుంటాను. పంపినవారు మన్నించాలి."

ఆ మాటకి లేచిన కేకలకి పైకప్పు ఎగిరిపోలేదంటే ఆశ్చర్యమే. ఇది ఆడది, ఇదే అసలైన ఆడది అని ఎవరో ఏడుస్తూ అరిచారు. కొమనోజో నింపిన గిన్నె ఒక్క చుక్క తొణక్కుండా తెచ్చి, పక్కతెర వెనక నిషినా చేతిలో పెట్టి, మళ్ళీ వెలుతురులోకి వెళ్ళిపోయాడు.

నిషినా చిటికెనవేలు ముంచి నాలుకకి తాకించి, వెంటనే ఉమ్మేశాడు. నాలుక కొస చిమచిమలాడి మొద్దుబారింది.

తెర సందులోంచి చూశాడు. పైవరస గదులకి వెదురు చాపలు వేలాడుతున్నాయి. చాపలన్నీ పైకి చుట్టి జనం వంగి వంగి చూస్తున్నారు. ఒక్క గది చాప మాత్రం దిగే ఉంది. దాని వెనక ఒక మనిషి లేచి, ముసుగు కప్పుకుంటున్నాడు. క్యోటో మొత్తం కొమనోజో కోసం గొంతు చించుకుంటున్న ఈ రోజున, ఆట మొదలుకాకముందే లేచి వెళ్ళిపోతున్న మనిషి అతనొక్కడే.

"మతాయెమొన్, ఆట ఆపకు," అన్నాడు నిషినా, ఇనుప దండం నడుములోంచి లాగుతూ.

వెనక కొమనోజో గొంతు మొదలైంది, మంచులో వచ్చినవాడి కోసం దీపం ఆర్పని ఆడదాని గొంతు. ఆ గొంతు వెంటే నిషినా పైవరస మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. ఎడమ మోకాలు ఉందన్న సంగతే అతనికి గుర్తు రాలేదు.